శాంతి బహుమతికి నేను రాసిన నివేదిక

కాలువల శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. ఆళ్లగడ్డలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరి, చాలాచోట్ల తిరిగి, నంద్యాలలో పదవీ విరమణ చేశాను. ఏ ప్రమోషన్ ఎప్పుడు వచ్చిందో ఇక్కడ రాయను. అవి నాకంటే నా భార్యకే బాగా గుర్తున్నాయి.

ఈ ఉద్యోగంలో కొత్తగా చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వస్తుంటారు. పని ఎలా ఉంటుందని అడుగుతారు. నీళ్లు వచ్చేదాకా ఎదురుచూడటం, వచ్చాక వాటి వెంట నడవటం అని చెబుతాను. వాళ్లు నవ్వుతారు. నేను మాత్రం నిజమే చెబుతున్నాను. ఇప్పటికీ మధ్యాహ్నం కాస్త కన్నంటుకుంటే చాలు, కాలువ గట్టు మీదే నడుస్తూ ఉంటాను. తూర్పున నల్లమల నీలంగా, అసలు ఉందో లేదో అన్నట్టుగా ఉంటుంది. పడమట ఎర్రమల మీద వెలుతురు పలచబడుతూ ఉంటుంది. నీళ్లు చప్పుడు చేయవు. కొంగ ఒకటి నాకంటే పది అడుగులు ముందు నడుస్తుంది. నేను ఆగితే అదీ ఆగుతుంది. నిద్రలేచాక కాసేపు ఏ ఊళ్లో ఉన్నానో తెలియదు.

ఇది రాయడానికి కారణం ఆ కలలు కావు. ఒక ఆడపిల్ల అడిగిన ప్రశ్న.

వక్తృత్వ పోటీ

నంద్యాలలో ఒక డిగ్రీ కాలేజీవాళ్లు వక్తృత్వ పోటీకి న్యాయనిర్ణేతగా రమ్మన్నారు. రిటైరైన ఇంజనీర్లను ఇలాంటివాటికి పిలుస్తుంటారు, మాకు వేరే పని ఉండదని. వెళ్లాక విషయం ఏమిటో చెప్పారు. ఒక దేశాధినేతకు ప్రపంచంలోకెల్లా పెద్ద శాంతి బహుమతి ఇవ్వవచ్చా, కూడదా. దేశం పేరూ మనిషి పేరూ నేను రాయను. ఈ ప్రశ్న ఒక్క మనిషితో తీరేది కాదు, కొన్నాళ్లకు మరో పేరు వస్తుంది. ఆయన మాట వల్లే రెండు దేశాల మధ్య యుద్ధం ఆగిందని కొందరంటారు. ఆగడానికి కారణం ఆయన కాదనీ, ఆగాక వచ్చి నిలబడ్డాడనీ మరికొందరంటారు. అదీ వివాదం.

శ్రావణి అనే అమ్మాయి ఇవ్వాలని మాట్లాడింది. కాల్పులు ఆగిన రోజున ప్రాణం దక్కిన మనిషికి, ఆపినవాడు మంచివాడా, పేరు కోసం ఆపాడా అన్నది అక్కరలేదు అంది. ఆపాడు, అంతే చాలు. అలాంటివాడికి బహుమతి ఇస్తే రేపు ఇంకొకడు కూడా ఆపుతాడు. ఆ మాటలో బలముంది. హాలంతా చప్పట్లు కొట్టింది.

తర్వాత ఫాతిమా అనే అమ్మాయి లేచింది. వాళ్ల నాన్న నంద్యాలలో పరుపులు కుడతాడని తర్వాత తెలిసింది. గొంతు చిన్నది, మైకు దగ్గరికి లాక్కుని మాట్లాడింది. ఒప్పందం మీద సంతకం పెట్టేవాళ్ల ఫొటో మనకు కనబడుతుంది, ఆ సంతకం దాకా రెండు వైపులా నచ్చజెప్పుకుంటూ వచ్చినవాళ్లు కనబడరు అంది. వాళ్లెవరో తెలుసుకోకుండా ఫొటోలో ఉన్నాయనకు బహుమతి ఇస్తే, ఇచ్చినట్టు కాదు, వాళ్ల దగ్గర్నుంచి తీసుకున్నట్టు అంది.

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. హాలు కిటికీలోంచి ఎండ పడుతోంది. ఆ వెలుతురులో కాసేపు నాకు కాలువ గట్టు తప్ప ఏమీ కనబడలేదు. పక్కన కూర్చున్న లెక్చరరు మార్కులు అడిగితే గానీ తేరుకోలేదు.

మొదటి బహుమతి ఫాతిమాకు ఇచ్చాను. సర్టిఫికెట్ తీసుకుని ఆ అమ్మాయి వెళ్లిపోలేదు. వేదిక పక్కనే నిలబడి, అందరూ దిగాక అడిగింది.

"సార్, మీరు యాడన్నా ఇట్లాంటిది చూసినారా? పని చేసినోళ్లొకరు, పేరొచ్చినోళ్లొకరు?"

"లేదమ్మా" అన్నాను.

ఆటోలో ఇంటికి వస్తున్నంతసేపూ ఆ ఒక్క మాట నోట్లో చేదుగా ఉండిపోయింది. నేను చూశాను. చూడటం ఏమిటి, అది నా చేత్తోనే జరిగింది.

రెండు ఊళ్లు, ఒక తూము

ఆళ్లగడ్డలో చేరిన రెండో ఏడు. మా పిల్లకాలువ మీద రెండు ఊళ్లున్నాయి. పేర్లు వద్దు, ఎగువూరు, దిగువూరు అంటాను. రెండింటి మధ్యా ఒక తూము. తూము దగ్గర ఇనుప గేటు, గేటు పక్కనే లస్కరు గుడిసె. గేటు ఎత్తడం, దించడం, గట్టు తెగకుండా చూసుకోవడం లస్కరు పని. అక్కడి లస్కరు మస్తాను. నాకంటే పదేళ్లు పెద్ద. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. రోజుకూలీ మీద చేస్తున్నాడు, పర్మినెంటు కాలేదు. భార్య హుస్సేన్‌బీ గట్టు మీదే రెండు మేకలు మేపుకునేది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. కాలువలో నీళ్లు సగానికి పడిపోయాయి. కార్తీకం వచ్చేసరికి వరి పొట్ట మీద ఉంది. నేను వంతులు వేశాను, నాలుగు రోజులు ఎగువూరికి, నాలుగు రోజులు దిగువూరికి. చక్కగా గళ్లు గీసి, రంగులు వేసి, రెండు ఊళ్లలోనూ గోడలకు అంటించాను. అంత బాగా గీసిన కాగితాన్ని ఎవరూ కాదనరని అనుకున్నాను. వయసు అలాంటిది.

దిగువూరి వంతు మొదలైన రోజే ఎగువూరివాళ్లు కాలువకు అడ్డంగా ఇసుక మూటలు వేశారు. నీళ్లు వాళ్ల పొలాల్లోకే మళ్లాయి. దిగువూరి నుంచి సుంకన్న అనే రైతు అడగడానికి వచ్చాడు. మాటా మాటా పెరిగింది. ఎగువూరి ఓబులేసు పారతో కొట్టాడు. సుంకన్న తల పగిలింది. నంద్యాల ఆసుపత్రికి తీసుకెళ్లారు, బతికాడు.

ఆ తర్వాత ఆ దారిన నడవడానికే భయం వేసేది. దిగువూరి ఆడవాళ్లు ఎగువూరి మీదుగా ఆళ్లగడ్డ సంతకు పోవడం మానేశారు. రెండు ఊళ్లలోనూ మగవాళ్లు ఇళ్లముందు కట్టెలు ఆనించుకుని కూర్చునేవాళ్లు. పోలీసులు వచ్చారు, కేసు పెట్టారు, వెళ్లారు. పోలీసులు ఉన్నంతసేపూ మూటలు ఉండేవి కావు. జీపు మలుపు తిరగ్గానే మళ్లీ పడేవి. నేను గేటుకు గొలుసు వేసి తాళం పెట్టాను. తెల్లారేసరికి గొలుసు కోసి, ఎవరో దాన్ని నీట్‌గా చుట్టచుట్టి మస్తాను గుడిసె ముందు పెట్టిపోయారు.

మస్తాను ఒక ఉదయం ఒక్కడే నీళ్లలోకి దిగి మూటలు తీయబోయాడు. ఎగువూరి కుర్రవాళ్లు నలుగురు అతన్ని గట్టు మీంచి తోసేశారు. ఎడమ భుజం రాతికి తగిలింది. ఆ చెయ్యి తర్వాత ఎప్పుడూ భుజం పైకి లేవలేదు. ఫిర్యాదు రాద్దామని నేనన్నాను. అతను వద్దన్నాడు. ఇంకో కేసు పడితే ఇంకో పది మూటలు పడతాయి సార్ అన్నాడు.

మస్తాను అడిగిన అనుమతి

వారం తర్వాత చేతికి గుడ్డ కట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. అతను చెప్పింది ఇది. ఎగువూరివాళ్లు చెడ్డవాళ్లై మూటలు వేయడం లేదు. తమ పొలాలకు నీళ్లు ఒకసారి ఆపితే మళ్లీ వదలరని వాళ్ల భయం. దిగువూరివాళ్లకు పైవాళ్లందరూ దొంగలే. ఒకరి చేను ఒకరు చూసి ఎన్నేళ్లయిందో. అందుకని పైనుంచి ఒక మనిషి కిందికి వచ్చి కూర్చోవాలి, కిందినుంచి ఒక మనిషి పైకి వెళ్లి కూర్చోవాలి.

"కూర్చుని ఏం చేయాల?" అని అడిగాను.

"ఏం చేయొద్దు సార్. మాట్లాడొద్దు గూడా. ఊరికే చూస్తా కూసోవాల."

నాకు నవ్వొచ్చింది. నేను నవ్వడం అతను చూశాడు. ఈ వృత్తిలో చేరే పిల్లలకు చెబుతున్నాను, మీ కింద పనిచేసేవాడు ఒక ఉపాయంతో మీ గదిలోకి వస్తే, ముందు కుర్చీలో కూర్చోబెట్టండి. నవ్వు తర్వాత చూసుకోవచ్చు.

సరే నీ ఇష్టం అన్నాను. అంటే నాకేం సంబంధం లేదని అర్థం. మస్తాను దాన్నే అనుమతి అనుకున్నాడు.

కిందినుంచి పైకి సుంకన్న మేనమామ వెళ్లాడు. అది తేలికగానే కుదిరింది. పైనుంచి కిందికి ఓబులేసే రావాలని మస్తాను పట్టుబట్టాడు. కొట్టినవాడు రాకపోతే ఎవరు వచ్చినా లాభం లేదన్నాడు. మూడు రోజులు ఉదయం పూట వెళ్లి ఓబులేసు ఇంటి అరుగు మీద కూర్చుని వచ్చాడట. ఏమీ అడగలేదట. నాలుగో రోజు ఓబులేసు తనే బయటికి వచ్చి, అక్కడికెళితే నన్ను చంపుతారు అన్నాడు. మస్తాను చెప్పిన జవాబు తర్వాత ఓబులేసు నోటే విన్నాను.

"నేను నీ ముందు నడుస్తా. ఏటు పడితే నాకు పడ్తాది ముందు."

ఆ ఉదయం నేను దిగువూరిలోనే ఉన్నాను, మనసు ఒప్పక వెళ్లాను. గట్టు మీద ఇద్దరూ వస్తున్నారు. ముందు మస్తాను, ఒక చెయ్యి మెడకు కట్టుకుని. వెనక పది అడుగుల దూరంలో ఓబులేసు, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. వాళ్లు గాల్లో నడుస్తున్నట్టు కనిపించారు. ఊరివాళ్లు కట్టెలతో లేచి నిలబడ్డారు. దారికి మాత్రం అడ్డం రాలేదు. ఇద్దరూ ఊరు దాటి కాలువ చివరి చేలదాకా వెళ్లారు.

అక్కడ నల్లరేగడి నెరలు విచ్చి ఉంది. పైరు నిలబడే ఉంది గానీ ఆకు చుట్టుకుపోయింది. ఓబులేసు వంగి నెరలోకి వేలు పెట్టాడు. చెయ్యి మణికట్టు దాకా దిగింది. చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత గట్టు మీద, ఒక రేకు పందిరి నీడన కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి తలకు కట్టుతో సుంకన్న వచ్చాడు. అది అతని చేనే. నేను, మస్తాను లేచి నిలబడ్డాం. సుంకన్న ఓబులేసును చూసి, రేకు కింద రెండో కొసన కూర్చున్నాడు. ఇద్దరూ పైరు వైపే చూస్తున్నారు. ఎంతసేపటికో ఓబులేసు అడిగాడు.

"నొప్పి తగ్గినాదా?"

నీడ జరిగి ఓబులేసు మీద ఎండ పడుతోంది. సుంకన్న తన తువ్వాలు తీసి పక్కన పెట్టుకుని కొంచెం లోపలికి జరిగాడు. ఆ ఖాళీలోకి ఓబులేసు జరిగాడు. అంతే. ఆ రోజుకు అంతకంటే ఏమీ జరగలేదు. నా ఉద్యోగంలో నేను చూసిన పెద్ద సంఘటన అదే.

ఓబులేసు నాలుగు రోజులు వచ్చి కూర్చున్నాడు. అయిదో రోజు ఎగువూరిలో తనే కాలువలోకి దిగి మూటలు తీశాడు. ఊరివాళ్లు గట్టు మీద నిలబడి తిట్టారు. నువ్వే కొట్టి నువ్వే తీస్తాండావే అన్నారట. పోయి చూసి రండి అని మాత్రం అన్నాడట. పైన కూర్చున్న సుంకన్న మేనమామ కూడా ఒక కబురు తెచ్చాడు. ఎగువూరి మెరక చేలకు నాలుగు రోజుల నీళ్లు చాలడం లేదు, వాళ్ల భయం ఉత్తది కాదు. దిగువూరివాళ్లు తమ నాలుగు రోజుల్లో ఒక రోజు ఆ చేలకు వదిలారు. నా రంగుల కాగితంలో అలాంటి గడి లేదు.

నీళ్ల వెంట

ఎండిన కాలువలోకి నీళ్లు రావడం చూడనివాళ్లకు చెప్పడం కష్టం. ముందు నీళ్లు రావు. ఎండుటాకులు వస్తాయి, పుల్లలు, చీమలు, వాటిని తోసుకుంటూ గోధుమరంగు నురగ. నడిచే మనిషి కంటే నెమ్మదిగా వస్తుంది. నెరల్లోకి ఇంకుతూ ఆగుతుంది, ఇంక రాదేమో అనిపిస్తుంది, మళ్లీ కదులుతుంది. కొంగలు రెండు వైపులా దాని వెంట నడుస్తాయి. ఆ ఉదయం మస్తాను, నేను, సుంకన్న, దిగువూరి ఆడవాళ్లు కొందరు, ఆ నురగ పక్కనే నడిచాం. ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడితే ఆగిపోతుందేమోనన్నట్టు. చివరి చేను చేరేసరికి ఎండ వెచ్చబడింది. నేల నీళ్లు తాగే చప్పుడు వినిపించింది. నాకిప్పుడు కలలో వినిపించేది అదే.

మర్నాడు దిగువూరి ఆడవాళ్లు ఎగువూరి మీదుగా సంతకు వెళ్లారు.

పెద్దసారు గది

పది రోజులు పోయాక నాయకుడు వచ్చాడు. ఎగువూరి మనిషే, అప్పటికే పెద్ద పేరున్నవాడు. గొడవ జరిగినన్నాళ్లూ ఊళ్లో లేడు. నాలుగు కార్లలో వచ్చాడు, బడి ముందు షామియానా వేశారు. ఓబులేసునూ సుంకన్ననూ చెరోపక్కన నిలబెట్టి, చేతులు కలిపి పైకి ఎత్తాడు. ఫొటో తీశారు. మస్తాను ఆ సమయంలో గేటు దగ్గర ఉన్నాడు, వంతు మారే వేళ.

తర్వాత రాజధానిలోని ఒక సంస్థ ఆయనకు శాంతి పురస్కారం ఇవ్వాలనుకుంటోందని తెలిసింది. దానికి అధికారుల నుంచి ఒక నివేదిక కావాలి. నంద్యాల ఆఫీసుకు నన్ను పిలిచారు. అక్కడి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరును మేమంతా పెద్దసారు అనేవాళ్లం. డోన్ మనిషి. కోపిష్టి, కానీ పని తెలిసినవాడు. నాకు నేర్పింది చాలా ఉంది. ఈ ఒక్కటి కూడా ఆయన నేర్పిందే.

నేను రాసుకెళ్లిన నివేదికలో మస్తాను పేరు ఉంది, భుజం సంగతీ ఉంది. పెద్దసారు చదివి కాగితం బల్ల మీద పెట్టాడు. ఇది లస్కరు కథ, వాళ్లడిగింది నాయకుడి కథ అన్నాడు. అలా జరగలేదు సార్ అన్నాను. ఆయన కోప్పడలేదు. కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడి చెప్పాడు.

"పేరు ఆయనకు పోనీ అప్పా. నీళ్లు కిందికి పోతాండాయి గదా. పేరిస్తే ఆ మనిషి రేపు దాన్ని కాపాడుకుంటాడు. లస్కరుకిస్తే ఆ నాయకుడే వచ్చే ఏడు మూటలేయిస్తాడు."

నేను తిరిగి రాశాను. నాయకుడి చొరవతో, ఆయన సమక్షంలో, ఆయన మార్గదర్శనంలో. మూడు పేజీలు. మస్తాను పేరు ఒక్కచోట కూడా లేదు. ఒక వాక్యంలోనైనా పెట్టి ఉండవచ్చు. పెద్దసారు దానికి అడ్డు చెప్పేవాడు కాదు. నేనే పెట్టలేదు. భుజం విరిగిన లస్కరు ఆ కథలోకి వస్తే మిగతా మూడు పేజీలూ అబద్ధమని తెలిసిపోతుంది.

ఆ బహుమతి చేసిన మేలు

ఇక్కడ నిజాయితీగా ఒక మాట రాయాలి. పెద్దసారు చెప్పినట్టే జరిగింది.

తర్వాతి ఏడు కూడా నీళ్లు తక్కువే. ఎగువూరిలో మళ్లీ గుసగుసలు మొదలయ్యాయి. నాయకుడు రాజధాని నుంచి కబురు పంపాడు, ఒక్క మూట పడినా నా మొహం మీద వేసినట్టే అని. ఆయన ఇంటి హాలులో గోడ మీద ఆ పురస్కారం ఉండేది, వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. అది గోడ మీద ఉన్నన్నాళ్లూ తన ఊరివాళ్లు కాలువ జోలికి పోవడానికి వీల్లేదు. అర్హత లేని మనిషికి ఇచ్చిన బహుమతి ఆయన్ని కొంతవరకైనా అర్హుణ్ణి చేసింది. శ్రావణి చెప్పిందీ ఇదే.

ఇది తెలిసే నేను చాలా ఏళ్లు నిశ్చింతగా ఉన్నాను. ఎవరికీ నష్టం లేదు కదా అనుకున్నాను.

నష్టం ఉంది. కొన్నేళ్లకు రోజుకూలీ లస్కర్లలో కొందరిని పర్మినెంటు చేయడానికి పేర్లు అడిగారు. ప్రత్యేకంగా సేవ చేసినట్టు ఆఫీసు రికార్డులో ఉన్నవాళ్లకు ముందు అవకాశం. మస్తాను పేరు పంపాను. పై ఆఫీసు నుంచి ఒక వాక్యంతో తిరిగి వచ్చింది, ఇతని సేవ గురించి రికార్డులో ఏమీ లేదు అని. రికార్డులో ఉన్నది నేను రాసిన మూడు పేజీలే. వాటిని నేనే మళ్లీ తీసి చదివాను. బాగా రాశాననిపించింది. అది ఇంకా బాధ.

మస్తానుతో ఫైలు తిరిగొచ్చిందని మాత్రం చెప్పాను. ఎందుకో చెప్పలేదు. అతను అలాగా సార్ అని గేటు దగ్గరికి వెళ్లాడు. ఒంటిచేత్తో ఆ గేటు తిప్పడం చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది, అది ఎంత బరువో. ఇంకా పద్దెనిమిదేళ్లు తిప్పాడు.

ఆళ్లగడ్డలో ఉన్నన్నాళ్లూ నేను మాత్రం వారానికొకసారి ఆ గట్టుకు వెళ్లడం మానలేదు. వేరే ఊళ్లకు బదిలీ అయినప్పుడు కూడా, నంద్యాల మీదుగా పోవలసి వస్తే ఆళ్లగడ్డ దాకా వెళ్లి వచ్చేవాణ్ణి. మస్తాను టీ పోసేవాడు. గట్టు మీద కూర్చుని నీళ్లు చూసేవాళ్లం. సాయంత్రాలు ఎలా గడిచేవో తెలిసేది కాదు. నా జీవితంలో అంత నెమ్మది ఇంకెక్కడా దొరకలేదు.

శిరివెళ్లలో

ఫాతిమాకు అబద్ధం చెప్పిన మర్నాడు ఆళ్లగడ్డ బస్సెక్కి శిరివెళ్లలో దిగాను. హుస్సేన్‌బీ పోయాక మస్తాను అక్కడ కూతురింట్లో ఉంటున్నాడు. అల్లుడికి ట్రాక్టర్ల రిపేరు షాపు. షాపు పక్కన మంచం వేసుకుని కూర్చుని ఉన్నాడు. గడ్డం తెల్లబడింది. నన్ను చూసి లేవబోతే ఆపాను.

పోటీ సంగతి చెప్పాను. ఆ దేశాధినేతను టీవీలో చూశానన్నాడు. ఆయనకు బహుమతి ఇవ్వవచ్చా అని అడిగాను. ట్రాక్టరు ఒకటి దారంతా దుమ్ము లేపుకుంటూ పోయింది. దుమ్ము దిగేదాకా ఆగి, అతను నన్నే అడిగాడు.

"ఆ యుద్ధం జరిగిన తావున ఆడోళ్లు ఒంటరిగా బజారుకు పోతాండారా సార్?"

తెలియదన్నాను.

"ముందు అది కనుక్కోండి. పోతాంటే ఎవరికన్న ఇయ్యండి. పోకుంటే ఎవరికీ ఇయ్యొద్దు."

వక్తృత్వ పోటీలో ఈ మాట ఎవరూ అనలేదు. నా అభిప్రాయం కూడా ఇప్పుడు ఇదే. బహుమతి కావాలని అడిగే నాయకుడికి ఆ ఏడే ఇవ్వకూడదు. పదేళ్లు ఆగి, ఆ ఊళ్లకు వెళ్లి, అక్కడి ఆడవాళ్లను అడిగి, అప్పుడు ఇవ్వాలి. ఇస్తూ, నిజంగా ముందు నడిచినవాళ్ల పేర్లు పక్కనే రాయాలి. రాయకపోతే ఏమవుతుందో నాకు తెలుసు.

టీ వచ్చింది. కప్పు పట్టుకుని చెప్పాను.

"మస్తానన్నా, ఆ ఏడు నివేదికలో నీ పేరు నేను రాయలేదు. అందుకే నీకు పర్మినెంటు కాలేదు."

"తెలుసు సార్" అన్నాడు.

"ఎప్పటినుంచి?"

"అప్పుడే. మీ ఆఫీసు అటెండరు చదివి చెప్పినాడు."

మరి ఇన్నేళ్లలో ఒక్కసారైనా అడగలేదేమని అన్నాను. అతను మంచం పట్టెను వేళ్లతో రాస్తూ, పాత సంగతి కాబట్టి మాటలు వెతుక్కుంటూ చెప్పాడు.

"అడిగింటే మీకు మొగం చెల్లదు. కాలవ మీదికి రావడం మానుకుంటారు. వారానికొకసారి మీరు ఆడ కూసోనుంటేనే రెండూర్లోళ్లు తూము జోలికి రాకుండా ఉన్న్యారు. ఒక్క పేరు కోసం అది చెడగొట్టేది యాల అనుకున్న్యా."

"కోపం రాలేదా?"

"వచ్చినాది. రెండేండ్లు ఉన్న్యాది. టీ పోసేటప్పుడు మీ మొగం చూసేవాణ్ణి కాదు. మీరు చూసుకోలేదు సార్, మీరు నీళ్లు చూస్తా ఉంటిరి."

అతని మాటలో నిష్ఠూరం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. కూతురు వచ్చి అన్నం తిని పొమ్మంది. తిన్నాను. మస్తాను ఒంటిచేత్తోనే నాకు పప్పు వడ్డించాడు.

సాయంత్రం నంద్యాల బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. కోతకొచ్చిన వరి మీద వెలుతురు వాలుతోంది. ఎప్పటిలాగే కళ్లు మూతపడ్డాయి, గట్టు మీద కూర్చున్న ఆ సాయంత్రాలన్నీ ఒకటొకటిగా వచ్చాయి. ఆ నెమ్మది నాకు నీళ్లు ఇచ్చాయనుకుంటూ ఇన్నేళ్లు గడిపాను. అది మస్తాను తన కోపాన్ని దిగమింగుకుని, వారం వారం టీతో పాటు నాకు పోసి ఇచ్చింది.